నా సీటులో కంట్రోల్-ఎంటర్

2011వ సంవత్సరం, వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోలు దాటి బయటికి రావడం లేదు. బొగ్గు గనుల్లో పని ఆగడంతో కరెంటు ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. మాదాపూర్ అద్దాల మేడల వెనక సందులో, మూడంతస్తుల పాత భవనంలో రెండో అంతస్తు మా ఆఫీసు. ముందువైపు నుంచి చూసేవాళ్ళకు హైటెక్ సిటీ, మా కిటికీలోంచి చూస్తే పక్కింటివాళ్ళు ఆరేసిన బట్టలు.

మాది మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ పని. అమెరికాలో డాక్టరు పేషెంటును చూశాక రిపోర్టు చేత్తో రాయడు, ఫోనులో చెప్పేస్తాడు. ఆ డిక్టేషన్ మాకు చేరుతుంది. మేము చెవులకు హెడ్‌ఫోన్, కాలికింద పెడల్ పెట్టుకుని, పెడల్ తొక్కితే మాట నడుస్తూ, వదిలితే ఆగుతూ, విన్నది విన్నట్టు టైపు చేసి పంపుతాం. పన్నెండు గంటల్లో రిపోర్టు తిరిగి వెళ్ళాలి. ఈ గడువును టాట్ అంటారు. ఇందులో నేను క్వాలిటీ లీడ్‌ని. అంటే, ఇతరులు టైపు చేసినవి మళ్ళీ విని తప్పులు పట్టే మనిషిని. తప్పులు పట్టడం, బేరమాడడం నాకు పుట్టుకతో వచ్చాయి. ప్రొద్దుటూరులో మాది బట్టల కొట్టు, మేనమామలది కిరాణా, పెదనాన్నది గాజుల అంగడి. నేను పన్ను పీకే డాక్టరుతో కూడా నొప్పి దగ్గర బేరమాడిన మనిషిని. ఆయన ఇంకో మత్తు ఇంజెక్షన్ ఇచ్చాడు, నేను గెలిచాననుకుని ఇంటికొచ్చాను. సాయంత్రం దాకా నీళ్ళు తాగితే గడ్డం మీదుగా కారిపోయాయి.

ఈ పనిలో మౌసు ముట్టుకున్నవాళ్ళు వెనకబడతారు. అన్నీ షార్ట్‌కట్లే. మా సాఫ్ట్‌వేర్‌లో కీబోర్డ్ లేఅవుట్ అని ఒక పేజీ ఉండేది. ఏ మీట నొక్కితే ఏం జరగాలో అందులో మనమే పెట్టుకోవచ్చు. ఆ సెట్టింగులు మనిషి లాగిన్‌ను బట్టి మారవు, ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోతాయి. మామూలు సీట్లన్నిటిలో కంట్రోల్-ఎంటర్ నొక్కితే ఫైలు పార్క్ అవుతుంది. అంటే సగంలో పక్కన పెట్టడం, తర్వాత ఎవరో ఒకరు తీసి పూర్తి చేస్తారు. రిపోర్టు క్లయింటుకు పంపాలంటే మూడు మీటలు కలిపి నొక్కాలి, పైగా ‘పంపాలా?’ అని ఒక డబ్బా అడుగుతుంది, దానికి అవును అనాలి.

నా సీటులో అలా కాదు. నాకు పార్క్ చేసే అవసరం లేదు, పంపడమే పని. రోజుకు అన్నిసార్లు మూడు మీటలెందుకని కంట్రోల్-ఎంటర్‌కే సెండ్ పెట్టుకున్నాను. ఆ డబ్బా అడగడం కూడా ఆపేశాను. ఒక్కో ఫైలుకు రెండు సెకన్లు మిగిలాయి. ఆ మిగులు చూసుకుని కొన్నాళ్ళు గల్లాపెట్టె ముందు కూర్చున్న మా పెదనాన్నలా మురిసిపోయాను.

సమ్మె ముదిరాక సగం కుర్చీలు ఖాళీ. క్లయింటు మనిషి ఫోన్ చేసి, మీ ఊళ్ళో గొడవలని విన్నాం, గడువు పొడిగించమంటారా అని తనంతట తానే అడిగాడు. నేను ఒప్పుకోవచ్చు. కానీ ఇవాళ గడువు అడిగితే రేపు పని వేరేవాళ్ళకు ఇస్తాడన్న భయం. “గడువు అక్కర్లేదు, బదులుగా మా సీనియర్లు టైపు చేసినవి నా చెకింగ్ లేకుండా నేరుగా పంపే అనుమతి ఇవ్వండి” అన్నాను. ఇచ్చాడు. ఇవ్వాల్సినదేమీ ఇవ్వకుండా కావలసింది రాబట్టానని ఆ పూట రెండు కప్పుల టీ తాగాను.

ఆ అనుమతి వచ్చిన నలుగురిలో స్వరూప ఒకతె. వాళ్ళది జనగామ దగ్గర పల్లె. తండ్రి రాజయ్య మదీనాగూడలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్, లిఫ్టు పక్క గదిలో కాపురం. ఇంట్లో మెడలో ఐడీ కార్డు వేసుకుని ఉద్యోగానికి వెళ్ళిన మొదటి మనిషి ఆమె. ఆమె ఫైళ్ళలో నాకు తప్పు దొరికిన రోజు తక్కువ, దొరికిన రోజు నేను స్వీట్లు పంచాలని ఆఫీసులో హాస్యం.

ఆ మంగళవారం పొద్దున ఆమె వచ్చేసరికి చెప్పుల నిండా బురద.

“నడిచే వచ్చావా?” అన్నాను.

“మరేం జెయ్యాలె మేడం? బస్సులు ఆపింది మావోళ్ళే. వాళ్ళను తిట్టబుద్ధి గాదు. కాళ్ళనే తిట్టుకుంట వచ్చిన.”

“ఆదివారం హైవే మీద వంటావార్పులో కూర్చున్నావటగా. నాకు డబ్బా తేలేదేం?”

“తెలంగాణ ఇచ్చేస్తమని ఒక్క మాట అనుండ్రి, గిన్నెడు తెస్త.”

“గిన్నెడు అన్నానికి రాష్ట్రం మొత్తమా? నీకు బేరం చేతకాదే.”

“మీ దగ్గర బేరం జేసి ఎవలన్న గెలిచిన్రా?” అని నవ్వుతూ హెడ్‌ఫోన్ తీసుకుంది.

పదకొండు గంటలకు కరెంటు పోయింది. జనరేటర్ మా వరస ఒక్కదాన్నే మోయగలదు. ఆ వరసలో ఉన్నవి చెకింగ్ వాళ్ళ సీట్లు. టైపు చేసే నలుగురినీ అక్కడ కూర్చోబెట్టాం. స్వరూపకు నా సీటే ఇచ్చాను. ఇచ్చేటప్పుడు కీబోర్డ్ లేఅవుట్ సంగతి గుర్తొచ్చింది. మార్చాలంటే సాఫ్ట్‌వేర్ మూసి తెరవాలి, రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఒక్క పూటే కదా, తర్వాత చెబుదాంలే అనుకుని ఫోనెత్తాను. అవతల క్లయింటు.

ఇంకో సంగతి చెప్పాలి. ఈ పనిలో ప్రతి డాక్టరుకూ ఒక నార్మల్ ఉంటుంది. అంటే ముందే తయారు చేసి ఉంచిన మామూలు రిపోర్టు: గుండె బాగుంది, ఊపిరితిత్తులు బాగున్నాయి, పడని మందులేమీ లేవు. ముందు దాన్ని పేజీలోకి తెచ్చుకుని, డాక్టరు వేరుగా చెప్పిన చోటల్లా మార్చుకుంటూ పోతారు. వేగంగా చేసే వాళ్ళందరూ ఇలాగే చేస్తారు, నేను నేర్పింది కూడా ఇదే. పూర్తయ్యేదాకా మాత్రం ఆ పేజీలో ఉన్నది ఆ పేషెంటు కథ కాదు.

మధ్యాహ్నం మూడున్నర దాటాక కింది నుంచి కబురొచ్చింది, డీజిల్ అయిపోతోందని. నేను లేచి నిలబడి కేకేశాను. “చేతిలో ఉన్నవి పార్క్ చెయ్యండి. మళ్ళీ కరెంటు వచ్చాక చూద్దాం.” నలుగురి చేతులూ కదిలాయి. రెండు నిమిషాల్లో స్క్రీన్లన్నీ నల్లబడ్డాయి. కొండాపూర్ వైపు రోడ్డు మూస్తున్నారని తెలిసి, ఉన్న ఒక్క వ్యాన్‌లో వాళ్ళను పంపేశాను. కరెంటు వచ్చాక పార్క్ లిస్టు చూస్తే మూడు ఫైళ్ళున్నాయి. స్వరూప తనది పూర్తి చేసి పంపినట్టుందనుకున్నాను. ఆమె చురుకుదనం మీద నాకున్న నమ్మకం అలాంటిది.

వారం తర్వాత క్లయింటు దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. ఫలానా నంబరు ఫైలు. అరవయ్యేళ్ళు దాటిన ఒక స్త్రీ. రిపోర్టులో పడని మందులేమీ లేవని ఉంది. దాన్ని చూసి ఇంకో ఆసుపత్రివాళ్ళు పెన్సిలిన్ ఇచ్చారు. ఒళ్ళంతా వాచి, ఊపిరాడక ఐసీయూలో ఉంది. డిక్టేషన్ వినండి, ఎవరు చేశారో, ఎందుకు జరిగిందో రెండు రోజుల్లో చెప్పండి.

నేను హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. డిక్టేషన్ నాలుగు నిమిషాల పైన ఉంది. స్వరూప మార్పులు మొదటి నిమిషం దాకానే ఉన్నాయి, మిగతాదంతా నార్మల్. నాలుగో నిమిషంలో డాక్టరు చాలా మామూలుగా, పక్కనెవరికో ఏదో చెబుతూనే, ఈవిడకు పెన్సిలిన్ పడదు, చిన్నప్పుడొకసారి ప్రాణం మీదికి వచ్చింది అన్నాడు. పంపిన టైము చూశాను. జనరేటర్ ఆగడానికి కాస్త ముందు. పంపింది స్వరూప లాగిన్. సీటు నాది.

దర్యాప్తు అక్కడితో అయిపోయింది. లేఅవుట్ పేజీ తెరిచి, కంట్రోల్-ఎంటర్‌ను మళ్ళీ పార్క్‌కు మార్చి, ఆ డబ్బా అడిగేలా పెట్టి, మూసేశాను. ఎవరూ చూడలేదు. క్లయింటుకు జవాబు రాయడం కన్నా ముందు, మేనేజరు గదికి వెళ్ళడం కన్నా ముందు నేను చేసిన పని అది.

మేనేజరు ప్రసాద్ గారు భీమవరం వైపు మనిషి. మంచిమాట తప్ప గట్టిమాట రాదు.

“ఆ అమ్మాయేనాండీ?” అన్నారు లాగ్ చూసి. “నేరుగా పంపే అనుమతి ఇప్పించింది మీరే కదండీ లలిత గారూ.”

“అవునండీ.”

“ఆ ముందు ఆదివారం రోడ్డు మీద గరిట పట్టుకుని కూర్చున్న ఫోటో ఎవరో నాకూ చూపించారు. నాకు ఉద్యమం మీద కోపం లేదండి, ఎవరి బాధ వాళ్ళది. కానీ మనసు అక్కడ, వేళ్ళు ఇక్కడ అయితే ఇలాగే ఉంటుందండి. క్లయింటుకు పేరు ఇచ్చేద్దాం, తీసేశామని రాద్దాం.”

అప్పుడు ఒక్క మాట చెబితే సరిపోయేది. సీటు నాది, మీట నేను మార్చాను అని. చెప్పలేదు. నేను కొట్లో పెరిగినదాన్ని కదా, ముందు సరుకులో ఏది పోకుండా ఉంటుందో చూసుకున్నాను. నా ఉద్యోగం, ఆ క్లయింటు, మిగతా ముప్పైమంది. పోయేది ఒక్కతే. అక్కణ్ణుంచి బేరం మొదలుపెట్టాను. “తీసేశామని రాయొద్దండీ, తనే మానేసినట్టు రాద్దాం. రిలీవింగ్ లెటర్ ఇద్దాం.” రిలీవింగ్ లెటర్ అంటే మంచిగా వెళ్ళిందని పాత కంపెనీ ఇచ్చే కాగితం. అది లేకపోతే ఈ లైనులో ఇంకొకరు తీసుకోరు. ప్రసాద్ గారు చాలాసేపు కాదని, చివరికి సరేనన్నారు. గది బయటికి వచ్చి, ఆ పిల్లకు మేలు చేశానని నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పటిదాకా నేను ఆడిన బేరాల్లో అంత బాగా గెలిచింది ఇంకొకటి లేదు.

స్వరూపను చిన్న మీటింగ్ గదిలోకి పిలిచాం. ప్రసాద్ గారు ప్రింటు చేసిన రిపోర్టు ఆమె ముందు పెట్టారు. ఆమె రెండుసార్లు చదివింది.

“ఇది నేను పంపలే సార్. పార్క్ జేసిన.”

“లాగ్‌లో పంపినట్టుందమ్మా.”

“మేడం పార్క్ జెయ్యమన్నది, జేసిన. కంట్రోల్-ఎంటర్ కొట్టిన, నాకు మంచిగ యాదికున్నది.” నా వైపు తిరిగింది. “మేడం, మీరు చెప్పుండ్రి. రోజు ఎన్నిసార్లు కొడత? నా చేతి ఏళ్ళకు తెల్వదా?”

నేను బల్ల వైపు చూస్తూ, “లాగ్‌లో సెండ్ అనే ఉంది స్వరూపా” అన్నాను. అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు.

ఆమె తన చేతులు చూసుకుంది. తర్వాత అడిగింది. “ఆ పెద్దామె బతికిందా?”

గదిలో ఎవరికీ తెలియదు. క్లయింటు మెయిల్ వచ్చి రెండు రోజులైంది. ఎవరు, ఎందుకు, ఎలా అని పదిసార్లు మాట్లాడుకున్నాం. ఆ ప్రశ్న మాలో ఎవరికీ తట్టలేదు. “మనకు అవి చెప్పరమ్మా” అన్నారు ప్రసాద్ గారు. స్వరూప ఇంకేమీ వాదించలేదు. రాజీనామా కాగితం మీద సంతకం పెట్టి, ఐడీ కార్డు మెడలోంచి తీసి, తాడు చుట్టి, నా ముందు పెట్టి వెళ్ళింది.

సమ్మె ముగిసింది. బస్సులొచ్చాయి. ఆమె రెండు కంపెనీలకు వెళ్ళిందనీ, ఆ రెండింటివాళ్ళూ మా ఆఫీసుకు ఫోన్ చేశారనీ, క్వాలిటీలో చిన్న ఇబ్బంది అని ప్రసాద్ గారు మెత్తగా చెప్పారనీ తర్వాత తెలిసింది. రిలీవింగ్ లెటర్ అడిగిన నా బేరంలో, ఫోన్ చేసి అడిగితే ఏం చెప్పాలన్నది లేదు. అంత అనుభవమున్న దాన్ని, ఆ షరతు మర్చిపోయాను.

ఆరు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం మదీనాగూడలో ఒక సూపర్ మార్కెట్‌కు వెళ్ళాను. సరుకులకని చెప్పుకున్నాను, కానీ మా ఇంటి నుంచి అక్కడికి ఎవరూ సరుకులకు వెళ్ళరు. ఆమె అక్కడ పనిచేస్తోందని మా ఆఫీసులో ఎవరో అంటుంటే విన్నాను. వెనక గోడౌన్‌లో పప్పులు తూచి కవర్లలో పోస్తోంది. నన్ను చూసి లేచింది.

“మంచిగున్నరా మేడం?”

“ఇక్కడెందుకు? బిల్లింగ్ దగ్గర పెట్టమని అడగలేకపోయావా?”

“పెడతమన్నరు. నేనే వద్దన్న. గా మీటలు చూస్తే చెయ్యి లేస్తలేదు. ఏది కొడితే ఎవలకేమైతదో అని.” నవ్వబోయింది, కుదరలేదు. “రాత్రి పండుకుంటే గదే. కొట్టిన్నా, కొట్టలేదా. ఇప్పుడు నాకే తెల్వది మేడం. నేనే ఏదో కొట్టి ఉంటనేమో.”

ఆ గోడౌన్‌లో కందిపప్పు బస్తాల మధ్య నిలబడి చెప్పేశాను. సీటు సంగతి, మీట సంగతి, తర్వాత మార్చేసిన సంగతి. ఆమె చేతిలో గరిటె అలాగే ఉంది.

“అంటే నేను పార్క్ జేసిన.”

“చేశావు.”

“ఆ గదిల మీకు తెలుసు.”

“తెలుసు.”

“ఒక్క మాట మేడం. ఒక్క మాటంటే అయిపోవు. ఆర్నెల్లు మనిషిని చంపిన్నేమో అనుకుంట బతికిన.”

నా నోరు దాని పని అది చేసుకుపోయింది. తెలిసినవాళ్ళ కంపెనీ ఉంది, నేను మాట్లాడతాను, ఇంకా మంచి పొజిషన్, క్యాబ్ కూడా ఉంది...

“బేరం చెయ్యకుండ్రి” అంది. గట్టిగా అనలేదు. “కాయితం మీద రాసియ్యుండ్రి. తెలుగుల రాయుండ్రి, మా నాయిన సదువుకుంటడు. ఎవలు ఏమన్నా అనుకోని, ఆయన నా చేతి దిక్కు చూసినప్పుడల్లా నాకు పానం పోతది.”

ధరల చీటీలు రాసే పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇచ్చింది. రాశాను. సమ్మె రోజుల్లో పొరపాటు జరిగిందని, అందులో స్వరూప తప్పు లేదని. ఆమె చదివి తిరిగిచ్చింది.

“జరిగిందని రాసిన్రు. ఎవలు జేసిన్రో రాయలే.”

రెండోసారి, సెట్టింగు మారి ఉండడం వల్ల అని రాశాను. అదీ తిరిగిచ్చింది. ఎన్నేళ్ళు అందరి ఫైళ్ళనూ నేను అలా తిప్పి పంపాను! మూడోసారి రాశాను: “మీట నేను మార్చాను. స్వరూపకు చెప్పలేదు. నిజం తెలిసి కూడా దాచాను. లలిత.” అది తీసుకుంది.

సాయంత్రం ఆమెతో పాటు లిఫ్టు పక్క గదికి వెళ్ళాను. రాజయ్య కుర్చీ వేసి కూర్చోమన్నాడు, నేను కూర్చోలేదు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో మాట కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివాడు. చదివాక కాగితం మడిచి జేబులో పెట్టుకుని కూతురి తల మీద చెయ్యి వేశాడు. చాలాసేపు తీయలేదు. నన్ను తిడతాడని చూశాను. తిట్టలేదు.

“మంచిది మేడం. ఆ పెద్దమ్మ ఇంటోళ్ళకు గూడ గిట్లనే ఒకటి రాయుండ్రి” అన్నాడు.

ఆవిడ పేరు మాకు తెలియదు, ఫైలు నంబరు మాత్రమే అని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. “మనిషి రోగమంత రాసిన్రు, పేరు తెల్వదా?” అన్నాడు.

మర్నాడు ప్రసాద్ గారికి చెప్పాను. “ఎప్పుడో ముగిసిపోయింది, ఇప్పుడెందుకండీ ఇవన్నీ” అన్నారు. అయినా క్లయింటుకు నా పేరుతో ఉన్నదున్నట్టు రాసి, చివర ఆవిడ ఎలా ఉన్నారని అడిగాను. రెండు లైన్ల జవాబు వచ్చింది. విషయం మూసేశాం, పేషెంటు వివరాలు ఇవ్వలేం. నన్నెవరూ తీసేయలేదు. మళ్ళీ గడువు గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఫోన్ నాకే ఇచ్చారు. ఆ రెండు కంపెనీలకు నేనే ఫోన్ చేసి నిజం చెప్పాను. ఒకరు స్వరూపను రమ్మన్నారు. ఆమె వెళ్ళలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నేను ఇప్పుడు చెప్పేది రెండే. ఒకటి, వేరేవాళ్ళ సీటులో కూర్చుంటే ముందు ఖాళీ ఫైలు తెరిచి మీ మీటలన్నీ ఒకసారి నొక్కి చూడండి, వెనక ఎంత పని ఆగినా సరే. ఇది నేర్చుకోవడం తేలిక. రెండోది, తప్పు ఎవరిదని గదిలో అడిగిన మొదటిసారే చెప్పెయ్యండి. ఆరు నెలల తర్వాత నేను చెప్పిన నిజం అక్షరం తేడా లేకుండా అదే నిజం. దాంతో ఒక తండ్రి చూపు మారింది. ఆ పిల్ల చెయ్యి మాత్రం మళ్ళీ మీట మీదికి రాలేదు.